ఇంటికి తిరిగొచ్చే కథ రాశావు సరే, తలుపు ఎవరు తీస్తారు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీ కథ నాకు అర్థమైనంతవరకు ఇది. ఒడిశాలోని బరంపురంలో అప్పడాల వ్యాపారం చేసే తెలుగు కుటుంబం. కొడుకు బెంగళూరులో పదేళ్లు సాఫ్ట్‌వేర్ చేసి, ఉద్యోగం పోయి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికొస్తాడు. మొదట విసుక్కుంటాడు, తర్వాత పాత స్నేహితులు, ఒక టీచరమ్మాయి, నోరు విప్పని నాన్న, గోపాల్‌పూర్ సముద్రం, చివరికి తానెవరో తనకి తెలిసొస్తుంది. చదివినవాళ్లు "బాగుంది కానీ ఎక్కడో చూసినట్టుంది, కామెడీ వేరే ట్రాక్‌లా ఉంది, సెకండాఫ్ సాగుతోంది" అన్నారు. ఏం మార్చాలి, ఏ భాషలో తీయాలి, ఊరివాళ్లతో చేయించొచ్చా, తక్కువ డబ్బుతో అవుతుందా అని అడిగావు.

నేనూ ఒడిశా వైపు పర్లాకిమిడి వాణ్ణి. ఇరవై రెండేళ్లు హైదరాబాద్‌లో అసిస్టెంటుగా, తర్వాత కో-డైరెక్టర్‌గా, పేరు పడని మాటల రచయితగా పనిచేసి, వెనక్కొచ్చి సరిగ్గా నీలాంటి కథతోనే ఒక చిన్న సినిమా తీశాను. ఆడలేదు. ఎందుకు ఆడలేదో మాత్రం నాకు బాగా తెలుసు, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను, ఓపికుంటే చదువు.

నా సినిమాలో కుర్రాడు రైలు దిగుతాడు, వెనక ఫ్లూటు, అమ్మ గుమ్మంలో ఏడుస్తుంది, చల్దన్నం పెడుతుంది, ఊళ్లో ఎవరి దగ్గరికెళ్లినా నాలుగు మంచి మాటలు చెప్పి పంపుతారు. కళ్యాణ మండపంలో తెర కట్టి మావాళ్లకి చూపించాం. ఇంటర్వెల్‌లో మా చిన్నాన్న టీ తాగుతూ, "ఏరా, ఈ గుంటడొచ్చీదాకా ఊరంతా పనులు మానేసి కూకున్నారేటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సినిమా మొత్తంలో జనం నవ్వింది అప్పుడే. నాకు ఒళ్లు మండింది గానీ, ఆ రాత్రి పడుకున్నాక తెలిసింది, ఆయన ఒక్క ముక్కలో నా స్క్రిప్టు రోగం చెప్పేశాడని. నీ స్క్రిప్టుకీ అదే రోగం. నీ కథలో ఇంటికి తలుపు లేదు. వాడు వచ్చాడు, లోపలికి వెళ్లాడు, అంతే.

నువ్వు బరంపురం వాడివి, రథయాత్ర నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ అందులో ఉన్న కథ ఎప్పుడైనా సినిమావాడిలా చూశావా? జగన్నాథుడు అన్నని, చెల్లెల్ని వెంటబెట్టుకుని గుండిచా మందిరానికి వెళ్లిపోతాడు, పెళ్లాన్ని ఇంట్లో వదిలేసి. అయిదో రోజు హేరా పంచమినాడు లక్ష్మీదేవి ఆగలేక అక్కడికి వెళ్తుంది, కోపం పట్టలేక రథం చెక్క ఒకటి విరగ్గొట్టి వచ్చేస్తుంది. తర్వాత బహుడా, అంటే తిరుగు ప్రయాణం. తీరా గుడి దగ్గరికొస్తే ఏమవుతుంది? నీలాద్రి బిజే, అంటే ఆయన మళ్లీ గుళ్లో అడుగుపెట్టే రోజు, లక్ష్మీదేవి తలుపేసేస్తుంది. జగన్నాథుడంతటి వాడు సొంత గుమ్మం బయట నిలబడాలి. ఆవిడ తరపువాళ్లు, ఆయన తరపువాళ్లు మాటా మాటా అనుకుంటారు, చివరికి రసగుల్లాలు ఇచ్చుకుంటే గానీ లోపలికి రానివ్వదు. కామెడీ, డ్రామా విడివిడిగా ఉన్నాయని నిన్ను ఎవరో అన్నారు కదా, ఇక్కడ ఏది కామెడీ, ఏది డ్రామా, విడదీసి చూపించు. పురీలో ఏటా జరిగేదే, మన పక్క పిల్లలు కూడా చెప్పే కథే, నేను మాత్రం ఫ్లూటు పెట్టుకుని కూర్చున్నాను.

2020లో, కరోనా అప్పుడు కూడా అదే చూశాం. సూరత్ నుంచి తిరిగొచ్చిన మన గంజాం జిల్లా కుర్రాళ్లని తిన్నగా ఇంటికి పోనివ్వలేదు, ఊరి బళ్లో ఉంచారు.

సూరత్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. మన జిల్లాల నుంచి మరమగ్గాల పనికి అక్కడికి పోయి, ఏడాదికో రెండేళ్లకో ఓసారి వచ్చి పోయేవాళ్లు వీధికి ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. వాళ్లలో ఎవడూ వచ్చిన ప్రతిసారీ తనెవరో తెలుసుకోడు. అప్పు తీరుస్తాడు, చెల్లెలి సంబంధం మాట్లాడతాడు, పై గదికి స్లాబ్ వేస్తాడు, పోతాడు. నీ హీరో పక్కన అలాంటి ఒక చిన్ననాటి స్నేహితుణ్ణి పెట్టు, కానీ సలహాలిచ్చే స్నేహితుడిలా వద్దు, వాడికి సెలవు పన్నెండు రోజులే ఉండాలి, చేయాల్సిన పనులు ముప్ఫై ఉండాలి. నీ వాడు గోపాల్‌పూర్ లైట్‌హౌస్ దగ్గర కూర్చుని బెంగ పడుతుంటే వాడు వాచీ చూసుకుంటూ ఉండాలి. లైట్‌హౌస్ దగ్గర కూర్చుని ఆలోచించే సీన్లు నాలుగు రాశావు, మూడు తీసెయ్. నాలుగోదాంట్లో కూడా వాళ్లు బండి మీద ఏదో పని మీద వెళ్తూ ఆగినట్టుంటే మంచిది.

ఇప్పుడు ఆ ఇంటి తలుపు సంగతి. వాడి గది ఏమైంది? నువ్వు "అమ్మ గదిని అలాగే ఉంచింది, గోడ మీద క్రికెటర్ పోస్టర్" అని రాశావు. అబద్ధం. వ్యాపారం ఉన్న ఇంట్లో పదేళ్లు గది ఖాళీగా ఉంచే తల్లిని నేనైతే చూడలేదు. అందులో మినప్పిండి బస్తాలు ఉంటాయి, ఇంగువ డబ్బాలు ఉంటాయి, ప్లాస్టిక్ కవర్లు అతికించే మెషీన్ వాడి చదువుకునే బల్ల మీద ఉంటుంది. బల్ల కాలు ఒకటి పొట్టి కాబట్టి దాని కింద మడిచి పెట్టింది వాడి టెన్త్ మెమో లామినేషన్. రాత్రి వాడు బస్తాల మధ్య చాప వేసుకుని పడుకుంటాడు, పొద్దున్న అయిదింటికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి లైటేసి, వాణ్ణి చూసి "ఎవరండీ?" అంటారు. "నేను ఈ ఇంటబ్బాయినండీ" అనాలి వాడు, లుంగీ సర్దుకుంటూ. ఇది జోకు కోసం చెప్తున్నది కాదు, నీ సినిమా మొదటి పావుగంట ఇందులోనే ఉంది. వాళ్లమ్మకి వాడంటే ప్రేమ లేదని ఎవరూ అనుకోరు, బస్తాలు ఎక్కడ పెట్టాలన్న సమస్య ప్రేమతో తీరదని తెలుస్తుంది.

వాన సీను ఒకటి ఉంది కదా నీ దగ్గర, పాటలో పెట్టేశావు. దాన్ని పాటలోంచి బయటికి లాగు. డాబా మీద మంచాల నిండా, చాపల నిండా అప్పడాలు ఆరేసి ఉన్నాయి, గోపాల్‌పూర్ వైపు నుంచి మబ్బు లేచింది. ఇంట్లో వాళ్లకి ఎవరు ఏ మూల తీయాలో, ఏ చాప మీద ఏ సైజు ఉందో, పెద్ద అప్పడం మీద చిన్నది పడితే ఎందుకు విరుగుతుందో అలవాటే, మాట లేకుండా నాలుగు నిమిషాల్లో డాబా ఖాళీ అయిపోతుంది. నీ వాడు ఫోన్ పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. ఎవరూ వాణ్ణి పిలవలేదు, తిట్టలేదు, పక్కనుంచి తప్పుకుని పోయారు. అంతే, కట్. మళ్లీ సెకండాఫ్‌లో మబ్బు రావాలి. ఈసారి పై ఇంటి ముసలావిడ అరుస్తుంది, "ఒరే గుంటడా, ఎదవలా నిలబడ్డావేటి, ఆ మూల మంచం ఎత్తు!" వాడు పరిగెత్తాలి. సగం అప్పడాలు విరగ్గొట్టాలి, అది కూడా ముఖ్యమే. తానెవరో తెలుసుకోవడం అని నువ్వు క్లైమాక్స్‌లో రెండు పేజీల డైలాగు రాశావు చూడు, ఈ తిట్టు పడ్డాక దాంతో పని లేదు.

ఒక చిక్కు మాత్రం సరిచూసుకో. నీ స్క్రిప్టులో రథయాత్ర, అప్పడాలు ఆరబెట్టడం ఒకే వారంలో ఉన్నాయి. ఆషాఢంలో ఎవరు ఆరబెడతారు, ఎండ దొరికిన రోజు ఆదరాబాదరాగా పెట్టుకోవాల్సిందే. దాన్ని తప్పులా వదిలెయ్యకు, టెన్షన్‌లా వాడుకో, ఆర్డరుంది, ఎండ లేదు. అలాగే ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర షాట్లు కావాలంటే ఇప్పుడే క్యాలెండర్ చూసుకో, బరంపురంలో అది రెండేళ్లకోసారే. ఈ ఏడు తప్పిందంటే నీ హీరో గడ్డం రెండేళ్లు అలాగే మెయింటైన్ చేయాలి.

భాష. ఇక్కడ నేను కొంచెం కోపంగానే చెప్తాను. నువ్వు అందరిచేత టీవీ తెలుగు మాట్లాడించి, ఊరు మనుషుల చేత మాత్రం "యాస" మాట్లాడించావు, అదీ నవ్వు కోసం. మన పక్క యాసని ఇప్పటికే సినిమాలవాళ్లు వంటవాడికీ దొంగకీ ఇచ్చేశారు, నువ్వు కూడా అదే చేస్తే ఎలా? మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో గుర్తు తెచ్చుకో. అమ్మతో తెలుగు, కొట్లో కొనుగోలుదారుతో ఒడియా, లెక్క అయ్యాక తనలో తాను గొణుక్కునేది మళ్లీ ఇంకోటి. నీ హీరో బెంగళూరులో ఇంగ్లీషు, హిందీ మాట్లాడి వచ్చాడు. రైలు పలాస, ఇచ్ఛాపురం దాటుతుంటే బోర్డు మీద లిపి మారుతుంది, అమ్మేవాళ్ల కేకలు మారతాయి, వాడి నోరు మాత్రం మారదు, ఆటోవాడితో హిందీలో బేరమాడతాడు. ఆటోవాడు వీడి ముఖం చూసి తెలుగులో తిడతాడు. ఊళ్లో ఎవరు కనిపించినా మొదట అడిగేది "కెబే ఆసిలొ?", రెండోది "కెబే జిబొ?". ఎప్పుడొచ్చావు, ఎప్పుడు పోతావు. తెలుగువాళ్లూ ఆ రెండే అడుగుతారు, భాషే వేరు. వాడి దగ్గర రెండోదానికి జవాబు లేదు, ఒక్కొక్కరికి ఒక్కో తేదీ చెప్తాడు, ఊరు చిన్నది కాబట్టి ఆ తేదీలన్నీ సాయంత్రానికి వాళ్ల నాన్న కొట్టు దగ్గర కలుస్తాయి. చూడు, కామెడీ ట్రాక్ విడిగా రాయక్కర్లేదు.

ఇంకొకటి. మనల్ని హైదరాబాద్‌లో "ఒరియావాడు" అంటారు, కటక్‌లో "తెలెంగా", అంటే తెలుగువాడు అంటారు. నేను రెండూ పడ్డాను. ఇంటికి తిరిగి రావడం అంటే వేరే ఊరివాళ్లకి ఒక చోటికి రావడం, మనకి ఏ చోటికో కూడా తేలదు. దీన్ని డైలాగులో పెట్టకు, ప్లీజ్. దీనికి నీ కథలోనే ఒక వస్తువు ఉంది, నువ్వు వాడుకోలేదు. నాన్నగారి అప్పు ఖాతా పుస్తకం.

మన పిల్లలు చాలామంది ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివారు. తెలుగు గడగడా మాట్లాడతారు, చదవడం రాదు. నేను కూడా తెలుగు అక్షరాలు హైదరాబాద్ వెళ్లాక, బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నవాణ్ణే. మీ హీరో నాన్న పాతకాలపు మనిషి, ఎవరెవరు ఎంత బాకీ అన్నది తెలుగులో రాసుకున్నాడు, అంకెలు మాత్రం ఒడియావి. ఆయన ఆసుపత్రిలో పడ్డాడు అనుకో, మాట్లాడలేడు. డబ్బు అవసరం. కొడుకు ఆ పుస్తకం తెరిస్తే అంకెలు తెలుస్తాయి, పేర్లు చదవలేడు. ఎక్సెల్ షీట్లతో పదేళ్లు బతికినవాడు ఎదురింటి మాస్టారిని బతిమాలి చదివించుకోవాలి. మాస్టారు ఒక్కో పేజీ చదువుతూ, మధ్యలో ఒక పేజీ తడి వేలితో రెండు కలిపి తిప్పేస్తాడు. ఎందుకంటే ఆ పేజీలో ఉన్నది ఆయన పేరే. ఇది ప్రేక్షకుడికి ముందే తెలియాలి, హీరోకి అక్షరాలు నేర్చుకున్నాక తెలియాలి. టీచరమ్మాయి అక్కడ పనికొస్తుంది, ప్రేమ కోసమే ఆవిణ్ణి పెట్టక్కర్లేదు. వాడు పలక మీద దిద్దినట్టు కొట్ల బోర్డులు కూడబలుక్కుంటూ, ఆంధ్రా వైపున్న ఇచ్ఛాపురం బజారులో నడిచే సీను ఒక్కటి ఊహించుకో. చివర్లో ఆ పేజీ చదివి మాస్టారి ఇంటికి వెళ్తాడు. అడుగుతాడా, అడగడా? అదే నీ క్లైమాక్స్. నేనైతే రెండు రకాలుగా రాసి చూసేవాణ్ణి.

మన పర్లాకిమిడిలోనే కూర్చుని గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగునే రాయాలని దేశమంతటితో పోట్లాడారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లాక, ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన వదిలి వెళ్లిన ఊళ్లో కూర్చుని నేను నా మొదటి స్క్రిప్టు పుస్తకాల తెలుగులో రాశాను. దానికి చిన్నాన్న వేసిన శిక్ష సరిపోయింది.

ఊరివాళ్లతో చేయించొచ్చా అంటే, చేయించొచ్చు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం సినిమాలో విశాఖలోని ఆ పేట జనమే చాలావరకు నటించారు, చూసే ఉంటావు. కానీ దాని వెనక ఉన్న ఓపిక ఎవరూ చూడరు. నా అనుభవంలో వాళ్లకి పేపరు ఇవ్వకూడదు. పేపరు ఇస్తే బళ్లో పద్యం అప్పజెప్పినట్టు చెప్తారు. సంగతి చెప్పి, చేతికి వాళ్ల పనే ఇవ్వు. అప్పడాలు ఒత్తే ఆవిడ ఒత్తుతూనే మాట్లాడాలి. మా సినిమాలో ఒకావిడ చేత కర్ర తీయించి, చేతులు కట్టుకుని నిలబడి డైలాగు చెప్పమన్నాను, పద్నాలుగు టేకులు. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆవిడే నా మీద అదే డైలాగు వేసి వంటావిడకి చెప్తోంది, అద్భుతంగా, కెమెరా మూసేసి ఉంది. ఇంకో మాట, వాళ్లకి రోజుకి కూలీ ఎంత పోతుందో అంతకి తక్కువ ఇవ్వకు, సాయంత్రానికే ఇచ్చెయ్. మా దగ్గర డబ్బు సర్దుతానన్న పెద్దమనిషి ఒకాయన పదో రోజున ఫోన్ ఎత్తడం మానేశాడు, పదకొండో రోజు నుంచి సగంమంది రాలేదు, వాళ్లది తప్పనను.

టెక్నికల్‌గా రెండు మాటలు, మిగతావి నీ కెమెరామన్‌కి తెలుస్తాయి. సౌండ్ అక్కడికక్కడే రికార్డు చెయ్, డబ్బింగ్ వద్దు. డబ్బింగ్ థియేటర్‌లో ఏసీ గదిలో నిలబడితే మన మాట చచ్చిపోతుంది, ఒడియా తెలుగు మధ్య ఆ జారుడు అసలు రాదు. లొకేషన్ చూసేటప్పుడు కళ్లు మూసుకుని పావుగంట కూర్చో. గుడి మైకు ఎన్నింటికి, పిండి మర ఎన్నింటికి, రైలు ఎప్పుడు అని రాసుకో. ప్రతి సీను అయ్యాక అందరినీ నోరు మూసుకోమని ఒక అర నిమిషం ఖాళీ గది శబ్దం తీసుకో, ఎడిటింగ్‌లో నాకు దండం పెట్టుకుంటావు. రెండోది, పాత ఇంట్లో ట్యూబ్‌లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, నువ్వు సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తావు, కెమెరా షట్టర్ 180 డిగ్రీల దగ్గరే వదిలేస్తే వెలుతురు మినుకు మినుకుమంటుంది. 172.8 డిగ్రీలు, అంటే సెకనులో 1/50 వంతు పెట్టుకుంటే పోతుంది. మేము రెండు రోజుల ఫుటేజీ ఇలాగే పోగొట్టుకున్నాం. రైల్వే స్టేషన్‌లో పర్మిషన్ లేకుండా ట్రైపాడ్ దించొద్దు, ఫోన్‌తో దొంగతనంగా తీద్దాంలే అనుకోకు, అక్కడ పోయేది నీ షూటింగ్ రోజే.

డబ్బు గురించి అంకె చెప్పను, నీ ఇల్లు, నీ కొట్టు, మీవాళ్ల భోజనాలు కలిపితే నీ లెక్క వేరు, నా లెక్క వేరు. పేజీకి ఒక నిమిషం లెక్కన నీది 128 పేజీలుంది, ముందు దాన్ని 95కి దించు, అదే పెద్ద పొదుపు. రోజుకి మూడు, నాలుగు పేజీలు తీయగలిగితే సుమారు నెలలో అయిపోతుంది. థియేటర్‌లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, ఆఫీసు హైదరాబాద్‌లోనూ ఉంది, కటక్‌లోనూ ఉంది. ఎక్కడ వేసినా అవతలివాడు "ఇది మా భాషా?" అని అడుగుతాడు, నవ్వుకో. రెండు భాషలకీ సబ్‌టైటిల్స్ మొదటి నుంచే లెక్కలో పెట్టుకో.

ముందు ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి మీ అమ్మగారిని అడుగు, నా గదిలో సామాన్లు పెట్టడం ఎప్పుడు మొదలుపెట్టావమ్మా అని. ఆవిడ ముందు కాసేపు తడుముకుంటారు, తర్వాత ఏదో ఒక కారణం చెప్తారు, దాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకో. రికార్డు చేస్తున్నానని మాత్రం చెప్పకు, వెంటనే టీవీ భాషలోకి వెళ్లిపోతారు.